టానర్‌కి కట్టిన వెల

అమ్మకి,

లారిస్సా ముద్దులతో రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, నీ మోకాలూ, కింది గదుల్లో కొత్తగా దిగిన హాకీ కుర్రాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనయితే మధ్యలో అడ్డొస్తావని ఉత్తరం రాస్తున్నాను.

కోటు వేసుకుంటున్నావా అన్నావు, వేసుకుంటున్నాను. పెళ్లి గురించి రాసిన పేజీ నాకు అందలేదనుకో. ఈ ఉద్యోగంలోనైనా ఏడాది నిలుస్తావా అన్నావు. చివరిదాకా చదివి నువ్వే చెప్పు.

ఇక, "మన టానర్‌కి మీ క్లబ్బు న్యాయం చేస్తుందా?" అన్నావు. యార్క్‌టన్ కుర్రాళ్ల జట్టులో ఆడుతూ మూడు చలికాలాలు మనింట్లో నీ చేతి వంట తిన్నవాడు, నీకు కొడుకే. కానీ అమ్మా, ఇక్కడ న్యాయం ఒక్కడికే తూచేది కాదు. జట్టు జీతాలన్నీ కలిపి ఇంతకి మించకూడదని లీగు గీత గీసింది. ఒకటే కుండ. ఒకడికి గరిటెడు ఎక్కువ వేస్తే ఇంకొకడి పళ్లెంలో తగ్గుతుంది. కుర్రాళ్ల ఆట, వయసు, సాటివాళ్ల జీతాలు చూసి వెల కట్టడమే నా పని. టానర్‌కి ఏడాదికి అరవై లక్షల డాలర్లు సబబని తేల్చాను. మావాళ్లు నలభై లక్షలిస్తామన్నారు.

అప్పుడు మా మేనేజరు డ్వేన్ నా బల్ల దగ్గరికొచ్చాడు. "వాడు మీ ఇంట్లో పెరిగాడటగా! నిజం చెప్పమ్మాయ్, నలభైకి లొంగుతాడా?"

లొంగుతాడు. నీకు తెలియదా? పెరోగీ కుడుముల్లో ఉడికేటప్పుడు చిట్లిపోయినవన్నీ ఏరుకుని, "నాకివే ఇష్టమమ్మా" అనేవాడు. ముందు పెట్టిన కాగితం మీద సంతకం పెట్టేసి, పైగా థాంక్స్ చెప్పే రకం.

"వాడా! మొండిఘటం సార్. పక్క జట్టు పిలిస్తే పెట్టె సర్దుకుంటాడు" అన్నాను, కళ్లార్పకుండా.

"చూస్తే పిల్లిలా ఉంటాడే!" అని గొణుక్కుంటూ వెళ్లాడు డ్వేన్. వారం తిరక్కుండా అరవైకి సంతకాలయ్యాయి.

ఇక్కడిదాకా చదివి నన్ను మెచ్చుకుంటున్నావు కదూ? ఆగు. జీతాల గీత దాటకూడదని నిన్న మార్సెల్‌ని వేరే జట్టుకి పంపేశారు. టానర్ ఈ ఊరొచ్చిన మొదటి ఏడాది తన ఇంట్లో చోటిచ్చిన ముసలి డిఫెండర్ అతనే. ముప్ఫై ఆరేళ్లకే ముసలి అంటారిక్కడ. అతని చిన్నకూతురికి మంచు మీద స్కేటింగ్ నేర్పింది టానరే.

పొద్దున టానర్ ఫోన్ చేశాడు. "నేను తక్కువకి ఒప్పుకునుంటే మార్సెల్ ఉండేవాడు కదక్కా?"

లెక్క ప్రకారం అవును. "ఆటంటే అంతేరా" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

నా లెక్క తప్పు కాదమ్మా. ఇప్పటికీ అరవయ్యే అంటాను. కానీ ఆ బేరంలో నా అబద్ధం ఉందని వాడికి తెలియదు. అంతా తన ఆశ వల్లే జరిగిందని కుమిలిపోతున్నాడు.

ఆదివారం వాడు నీ దగ్గరికొస్తున్నాడట. నేనూ బయల్దేరుతున్నాను. నువ్వు ముందే ఏం చెప్పకు, వాడికి నేనే చెప్పాలి. విన్నాక వాడు నాతో మాట్లాడకపోతే, నువ్వు వాడి పక్కనే కూర్చో, నా పక్కన కాదు.

ఇట్లు,
వాడి అక్క, నీ కూతురు
లారిస్సా