మూడు నెలల తూకం

టోంగాట్,
20 ఆగస్టు 1995, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అంబీకి మీ నాన్న గంపెడు దీవెనలు. ఇక్కడ నేనూ, నా మోకాలి నొప్పీ, మీ అమ్మ నాటిన కరివేపాకు చెట్టూ క్షేమం. ఎస్ట్‌కోర్ట్ కొండల చలిలో నువ్వూ అల్లుడు రాజెనూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను తల్లీ. పదకొండేళ్ళకి నీ కడుపు పండింది. ఐదోసారి మీ అమ్మ ఫొటో ముందు నిలబడి గట్టిగా చదివాను. పక్కింటి బేసిల్ గోడ మీంచి తొంగిచూసి, ముసలాయనకి ఏమైందోనని కంగారుపడ్డాడు. వాడికి చెప్పాను, రొట్టెల కొట్టావిడకి చెప్పాను, బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకీ చెప్పాను. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేసుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

కొత్త ప్రభుత్వం వచ్చాక బళ్ళో పిల్లలకి నిజంగానే తిండి పెడుతున్నారా అని అడిగావు. పెడుతున్నారమ్మా. రొట్టె మీద వేరుశనగ ముద్ద రాసి ఇస్తున్నారు. ఒక్కో రోజు బండి రాదు, ఆ రోజు పిల్లలు గేటు దగ్గరే చూస్తూ నిలబడతారు. ఆరేళ్ళలోపు పిల్లలకీ గర్భిణీలకీ వైద్యం ఉచితం చేశాక క్లినిక్ వరుస రోడ్డెక్కింది. నువ్వు నర్సువే అయినా మొహమాటపడకుండా వరుసలో నిలబడి చూపించుకో.

క్లినిక్‌లో ఇంకా పిల్లల్ని తూస్తున్నావా అని కూడా అడిగావు. లేదు. మానిపించారు. అది చెప్పడానికి నోరు రాకే ఇన్ని కబుర్లు రాశాను. తెలుగులో రాస్తే మీ ఇంట్లో నువ్వొక్కదానివే చదవగలవు. రాజెన్‌కి చెప్పడమో మానడమో నీ ఇష్టం.

చెరకు తోటలో కాటా దగ్గర ముప్పై ఏళ్ళు చేశాను కదా. కూలివాడి కట్ట తూచినప్పుడు ముల్లు రెండు గీతల మధ్య ఆగితే పై గీతే పలికేవాణ్ణి. వాడికి ఆ పూట నాలుగు మెతుకులు ఎక్కువ దొరికేవి. అదే పుణ్యమనుకున్నాను. రిటైరయ్యాక ఆ చెయ్యే క్లినిక్‌కీ తీసుకెళ్ళాను.

మన వెనక వీధి రేకుల ఇంట్లో వయొలెట్ అనే పిల్ల ఉంది. ఇరవై రెండేళ్ళు. మొగుడికి తోటలో పని పోయింది. మూడేళ్ళ కూతురు సావీ, ఏడాది నిండని కొడుకు జే. మార్చిలో జేని తూస్తే ముల్లు ఏడు కిలోలు దాటలేదు. కార్డు మీద ఏడున్నర వేశాను. ఆ పిల్ల మొహం అలా విప్పారింది. ఏప్రిల్‌లో ముల్లు అక్కడే ఉంది. పెరగలేదని చెప్పలేక ఏడుముప్పావు వేశాను. మేలో ఎనిమిది. నేను అంకె వేస్తే క్లినిక్ సిస్టర్ దాన్నిబట్టి కార్డు మీది గ్రాఫులో చుక్క పెట్టేది. వయసుకి ఉండాల్సిన బరువు గీత కింద చుక్క పడిన బిడ్డకే పాలపొడి ఇస్తారు. ఆ సంగతి నాకు తెలుసు అంబీ, తెలియదని రాయలేను. జే చుక్క ఎప్పుడూ గీతకి పైనే పడింది.

జూన్‌లో తెచ్చినప్పుడు వాడి పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఒళ్ళు చేశాడని నేనే బుగ్గ గిల్లాను. సిస్టర్ చూసి, అది తిండి చాలక వచ్చిన వాపని వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. నాలుగో రోజున పోయాడు.

తర్వాత వెల్ఫేర్ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మే దాకా ఇంత బాగా పెరిగిన బిడ్డ జూన్‌లో తిండి లేక ఎలా పోయాడు, తల్లి కడుపు మాడ్చి ఉంటుంది, ఇంకో బిడ్డని ఆమె దగ్గర ఉంచకూడదు అంది. ఆ మాటకి సాక్ష్యం నా చేతిరాత ఉన్న కార్డు. వయొలెట్ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. "తాతా, నేను తినలేదు, వాడికే పెట్టినాను. నువ్వే కదా చెప్పినావు, పెరుగుతాడని." అప్పటికీ నేను నోరు విప్పలేదు. జే పోయి రెండు నెలలైనా నోరు విప్పలేదు. నీకు తెలిస్తే ఏమంటావో అన్న భయం ఒకటి, ఊళ్ళో పేరు ఒకటి.

పోయిన సోమవారం నీ ఉత్తరం వచ్చింది. ఎగిరి గంతేసిన మనిషికి, ఆ రాత్రి పుట్టబోయే నీ బిడ్డని తలుచుకుంటే జే గుర్తొచ్చాడు. మర్నాడు పొద్దున్నే వెల్ఫేర్ ఆఫీసుకెళ్ళి, తూకాలు అబద్ధమని చెప్పి సంతకం పెట్టాను. ఆవిడ అంతా రాసుకుంది. సావీని తల్లి దగ్గరే ఉంచుతారట.

అక్కణ్ణించి వయొలెట్ ఇంటికెళ్ళి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నిజం ఎంత తాతా?"

"ఏడు."

"తర్వాత?"

"అప్పుడూ ఏడే. మూడో నెలా ఏడే."

లోపలికెళ్ళి, తన దగ్గరే దాచుకున్న జే కార్డు తెచ్చి, పెన్సిలు నా చేతిలో పెట్టింది. "రాయి" అంది. మూడు అంకెలూ కొట్టేసి మూడు ఏడులు వేశాను. వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంది. అలవాటు ప్రకారం సావీ నాకు దండం పెట్టబోయింది. "వద్దు, లోపలికి రా" అని వయొలెట్ దాని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తలుపు వేసుకుంది.

ఇట్లు,
నీ తండ్రి
సూబయ్య