గోడ పక్కన పొడి నేల

బుధవారం రాత్రి, నిజామాబాద్. వాన.

మాంద్యం పేరు చెప్పి కంపెనీ నాలాంటి బయటి అండర్‌రైటర్లకు పని తగ్గించింది. ఈ నెలలో నాకు వచ్చింది వర్ని దగ్గరి రైస్‌మిల్లు ఒక్కటే. దానికి అగ్నిప్రమాద బీమా ఇవ్వవచ్చో లేదో చూసి చెప్పాలి.

పొద్దున వెళ్లేసరికి మిల్లంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. నిన్నటి వానకు ఆవరణ మొత్తం తడిసింది. మోటారు గది గోడ పక్కన మాత్రం నేల గుండ్రంగా పొడిగా ఉంది. మోటారు నిప్పురవ్వ పడితే అంటుకునే ఊక కుప్పను తెల్లారగానే ఎత్తేసినట్టున్నారు.

"గీడ ఊక పోస్తరా సేటు?" అని మిల్లు యజమానిని అడిగాను.

"ఎన్నడు పొయ్యలే. కిందికేం సూస్తవన్నా, పైన రేకులు సూడు, కొత్తయి."

సేటు చాయ్ ఇచ్చి, "వద్దని రాస్తే కంపెనీ ఇంకొకల్లను తోలుతది. పోయినసారి వచ్చినాయన గట్లనే రాసిండు. మల్ల కనవడ్డడా?" అని నవ్వాడు.

కనబడలేదు. ఆయన ఇప్పుడు బోధన్‌లో ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్. నేను పంపిన ఫోటోలు బాగున్నాయట, రేపు నా మాట చెప్పేస్తే చాలట. ఫోటోలో ఏముంది, పొడి నేల. అది సాక్ష్యమంటే ఎవరు నమ్ముతారు? వద్దంటే వచ్చే నెల పని...

ఇంకా ఏమీ రాయలేదు. వాన పెరిగింది. కుప్ప ఈపాటికి మళ్లీ గోడ పక్కకు చేరి ఉంటుంది. ఆ గోడకు అవతల, మోటారు పక్కనే, రాత్రిళ్లు మిల్లు హమాలీలు పడుకుంటారు.