అమ్మ చూసిన మెరుపు

వన్ టౌన్, విశాఖపట్నం
18-10-2002

అమ్మా, నేను బాగున్నాను, ముందు నువ్వు అన్నం తిను.

"సుక్క రాలింది, ఎవులికేటవుతాదో, మీ అయ్యని ఏటకి ఎల్లనీను" అని రాణి వదిన చేత నువ్వు రాయించిన కార్డు చూడగానే మా కాలేజీ ఫోటోలు వెతికాను. మా కాలేజీ మేడ మీది కెమెరా రాత్రంతా దానంతట అదే ఆకాశాన్ని ఫోటోలు తీస్తుంది, రెప్పపాటు మెరుపునీ వదలదు. పొద్దున్నే వాటిని చూడడమే కదా నా పని. సోమవారం తెల్లవారుజామున నువ్వు చూసిన మెరుపు అందులోనూ ఉంది! నీకు పిల్లలకోడి చుక్కల పక్కన కనబడింది, వంద కిలోమీటర్ల ఇవతల మా కెమెరాకి గొల్లకావడి చుక్కల దగ్గర.

"రెండు ఊళ్ళకి రెండు చోట్ల కనబడిందంటే అది మన పైన గాల్లోనే కాలిపోయిన చిన్న రాయి. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని మీ అమ్మకి రాయి" అన్నారు మా కాలేజీ సారు.

ఈ ఉత్తరం అందగానే అయ్యని సముద్రం మీద వేటకి పంపు. నెత్తళ్ళ చేపలు ఎండాయా? ఈసారి రెండు సంచులు చుట్టి పంపు, పోయినసారి వాసనకి బస్సు కండక్టరు తిట్టాడు.

మళ్ళీ ఏదైనా మెరిస్తే బెంగపడకు. టైమూ, ఏ చుక్క పక్కనో రాయించు. మా రిజిస్టరులో 'కళ్ళారా చూసినవారు' అనే గడి ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉండేది. నిన్న సారు నా చేతే రాయించారు: మైలపల్లి చిట్టమ్మ.

అయ్యకి దండాలు.
నీ సూర్యకళ