మీది యా ఊరన్నా?

నాన్సీ అక్కకు, దేవుని దయతో నా ప్రాణానికేమీ కాలేదని నీ తమ్ముడు డెరిక్ రాసేది.

చైనాలో నా పని అమెరికా బార్బెక్యూ హోటల్లో పొగ మీద మాంసం కాల్చేది. నా పేరు, నా ఇంగ్లీషు చూసి ఓనరు నెత్తిన టోపీ పెట్టి, టెక్సాసోణ్ణని చెప్పుకోమన్నాడు. మొన్న నిప్పు తగిలి "యమ్మా, చెయ్యి కాలిపాయనే" అని అరిచినా. తినేదానికి వచ్చిన ఒక అమ్మాయి దిగ్గున లేచింది. "మీది యా ఊరన్నా? నాది బేతమంగళ, పేరు అక్షత" అనింది. మన కేజీఎఫ్ పక్కూరే గదక్కా అది. ఓనరు పక్కనే ఉండాడు. మూడు తూర్లు అడిగిందక్కా. మూడు తూర్లూ టెక్సాస్ అనే చెప్పినా, ఇంగ్లీషులో. ఆ పిల్ల ప్లేటు అట్లే ఇడిసిపెట్టి ఎలబారి పాయ.

ఇంటి మీద రేకులు మార్పించినావా? చిన్నదాని దగ్గు తగ్గిందా? బేతమంగళకి పోయి అక్షత వాళ్లిల్లు విచారించి, మా తమ్ముడు కేజీఎఫ్ వాడేనని చెప్పు. ఆదివారం చర్చిలో నాకోసం మోకరించు.

బైబిల్లో పేతురు కూడా నిప్పుల కాడ నిలబడే ప్రభువును ఎరగనని మూడు తూర్లు బొంకినాడు. ఆయన్ని ఏడిపించేదానికి కోడన్నా కూసింది. ఈడ కోళ్లన్నీ పొగలో వేలాడతా ఉండాయక్కా.