సరస్సు ఒడ్డున పసుపు ఇల్లు

డార్లా అక్కకి,

ఫోన్లో అడిగితే నవ్వేసి మాట మారుస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగానికి ఫార్గో వచ్చేటప్పుడు, మనిద్దరం కలిసి ఫోన్లో కట్టుకున్న ఆట ఊరిని నీ చేతిలో పెట్టి వచ్చాను. నిన్న తెరిచి చూస్తే సరస్సు ఒడ్డున నా పసుపు ఇల్లు లేదు. ఆ స్థలంలో మీ ఆఫీసు బ్రెండాకి ఈతకొలనుతో సహా మేడ లేచింది.

"పొరపాటున చెయ్యి తగిలిందే. బొమ్మ ఇంటికి ఇంత రాద్ధాంతమా?" అని ఫోన్లో నవ్వేశావు.

అక్కా, ఆ ఆట నీకు నేర్పిందే నేను. మనుషులున్న ఇంటిని అది కూల్చనివ్వదు. ముందు లోపలివాళ్లని, పిల్లితో సహా, ఒక్కొక్కరినీ బయటికి పంపాలి. ఆ తర్వాత కూడా "నిజంగానే తీసేయాలా?" అని అడుగుతుంది. అంటే నా పేరు పెట్టుకున్న బొమ్మను నువ్వే గడప దాటించావు. ఆ ఆట ఊళ్లో ఇల్లిల్లూ వెతికాను, ఎక్కడా లేదు.

థాంక్స్‌గివింగ్‌ పండక్కి ఇంటికి రాను. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ కూడా బ్రెండాకే ఇవ్వు.

ఆ ఇంట్లో నేను పెంచిన నల్లపిల్లి మాత్రం ఆటలోని నీ ఇంటి వరండాలో కనిపించింది. దాన్ని ఊళ్లోంచి పంపేయడానికి నీకు చేతులు రాలేదన్నమాట.

నీ చెల్లెలు