తెలుగు నుంచి వచ్చిన అభ్యంతరం

తెనాలి,
ఆదివారం.

చెల్లి షారోన్‌కు అన్నయ్య ప్రేమతో రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం కులాసా. పూణేలో నువ్వూ, అభిషేక్ బావా క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. నీ ఉత్తరాన్ని చర్చిలో నలుగురికీ చదివి వినిపించింది.

మీ కంపెనీ నుంచి రాబోయే కారుకు పేరు బాగుంటుందా, నెంబరు బాగుంటుందా, మనవాళ్లని అడగమన్నావు. మన వీధిలో ఆటో నడిపే సుధీర్‌ని అడిగాను. "నెంబరైతే గొడవ లేదండి. పెద్ద నెంబరుంటే పెద్ద బండి అనుకుంటారు. కానీ పేరుంటేనే ఇంట్లో మనిషిలా ఉంటదండి" అన్నాడు. నువ్వడిగిన రెండో సంగతికి వస్తాను, ముందు ఇది చదువు.

కిందటేడు వేసవిలో రేపల్లె వెళితే లూకా మామయ్య మనవరాలికి పేరు చెప్పమన్నాడు. ఇరవై ఏళ్లుగా మన బంధువుల్లో ఎవరికి బిడ్డ పుట్టినా పేరు చూసేది నేనే. మూడు పేర్లు రాసిచ్చాను. కాగితం జేబులో పెట్టుకుంటూ, "ఎందుకైనా మంచిది, షారోన్‌ని కూడా అడుగుతాలేరా. అది కార్లకే పేర్లు పెడుతోంది కదా" అన్నాడు. చివరికి నువ్వు చెప్పిందే పెట్టారు. బడిలో నీ వ్యాసాలు దిద్దింది నేను. బస్సులో తెనాలి చేరేదాకా మామయ్య మాటే తలుచుకున్నాను.

ఆ వారమే బాపట్ల కాలేజీ హనుమంతరావు గారి ద్వారా నాకొక పని వచ్చింది. ఒక కార్ల కంపెనీ పంపిన మూడు పేర్లకు తెలుగులో చెడ్డ అర్థం వస్తుందేమో చూసి చెప్పాలి. వాటిలో 'సవేరా' ఉంది. హిందీలో తెల్లవారే వెలుగని అర్థమనీ, ఎనిమిది నెలలు వెతికి పట్టుకున్నావనీ అంతకుముందే ఫోన్లో నువ్వే చెప్పావు.

"అభ్యంతరం తెలుగు నుంచే వచ్చిందట, ఎవరో కనుక్కో అన్నయ్యా" అని రాశావు. కనుక్కోవడానికేం లేదమ్మా. నేనే. 'తెలుగువారికి శవం గుర్తొస్తుంది, కొనరు' అని రాసిచ్చాను. మనవాళ్లెవరికీ అలా వినపడదని తెలిసే రాశాను. నీ కారు ఒక అక్షరం, ఒక నెంబరుతో బయటికొచ్చిందని పేపర్లో చూసి సంతోషించాను కూడా.

హనుమంతరావు గారికి నిజం చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం లాభమండి" అన్నారు. అమ్మకూ చెప్పాను. "నాకు కాదు, దానికి చెప్పు" అంది.

నీ మీద అసూయ పోయిందని రాస్తే అది రెండో అబద్ధమవుతుంది. పోలేదు. ఈ ఉత్తరం మీ పైవాళ్లకు చూపించు. తప్పు నువ్వు పెట్టిన పేరుది కాదని తెలియాలి. అందుకే పూర్తి పేరుతో సంతకం చేస్తున్నాను.

ఇట్లు,
నీ అన్నయ్య,
కొల్లాబత్తిన ప్రేమ్ కుమార్,
తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి.