ఇంకో రెండు పాటలే

వదినా,

కవరు మీద నా రాత చూసి నువ్వు ఆశ్చర్యపోయి ఉంటావు. మనిద్దరి మధ్య ఉత్తరాల అవసరం ఎప్పుడొచ్చిందని! పదమూడేళ్ళు గోడకి అటు నువ్వు, ఇటు నేను. ఏదైనా చెప్పాలంటే గోడ మీద రెండు దెబ్బలు కొడితే సరిపోయేది. ఇప్పుడు ఫోన్ చేస్తే నువ్వు "బాగానే ఉన్నాం" అంటావు, నేను "సరే వదినా" అంటాను, ఆ తర్వాత అవతలివాళ్ళు ఎప్పుడు పెట్టేస్తారా అని ఇద్దరం ఎదురుచూస్తాం. అందుకే రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో మొహం చాటెయ్యదు కదా.

నేను ఇంకా అదే కళ్ళద్దాల దుకాణంలో ఉన్నాను. అద్దాలు అరగదీయడం, ఫ్రేములకి బిగించడం. శనివారం మాత్రం మూడింటికే వదిలేస్తారు. మా ఓనరమ్మ గడియారం వంక చూసి, "వెళ్ళు తల్లీ, నీ చిందులకి వేళైంది" అంటుంది.

అవును వదినా. రేడియోలో మన "చిందుల గంట" ఆగలేదు. ఈ సంగతి నీకు ఫోన్లో చెప్పడానికి చాలాసార్లు నోరు తెరిచి మూసేసుకున్నాను. అన్నయ్య పోయిన మూడో శనివారం, స్టేషన్ నడిపే పెద్దాయన మా ఇంటికొచ్చాడు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరై, లైబ్రరీ మేడ మీద ఈ బుల్లి రేడియో పెట్టుకున్నాడే, ఆయనే. వచ్చి, కూర్చోకుండానే అన్నాడు: "అమ్మాయ్, నాలుగింటికి ఆ గంటలో ఏం వెయ్యాలో తెలీక రెండు వారాలు తోటపని గురించి మాట్లాడించాను. ఫోన్లు చేసి తిడుతున్నారు. నువ్వొచ్చి పాటలన్నా వెయ్యి. మాట్లాడక్కర్లేదు."

వెళ్ళాను. ఆ గది అలాగే ఉంది. గోడలకి పాత పరుపులు, నేల మీద కాళ్ళ చప్పుడు వినపడకుండా పరిచిన తివాచీ. అయినా వినపడేదనుకో. పాట వేసి మైకు మూసెయ్యడం అన్నయ్య చాలాసార్లు మర్చిపోయేవాడు, ఆయన గంతులు ఊరంతా వినేది. "వెనకాల ఎవరో డ్రమ్ము సరిగ్గా వాయించట్లేదండీ" అని ఒకాయన ఫోన్ చేస్తే, "అది డ్రమ్ము కాదు బాబూ, నా మడమ" అన్నాడు చూడూ, ఆరోజు నేను కుర్చీలోంచి పడబోయాను. నా పని ఎప్పుడూ అద్దానికి ఇవతలే. మీటలు, ఫోన్లు, తర్వాతి పాట. ఇప్పుడు రెండు పనులూ నేనే చేస్తున్నాను. మొదట్లో పాట పేరు చెప్పి ఊరుకునేదాన్ని. తర్వాత్తర్వాత నోరు కాస్త విచ్చుకుంది. రొట్టెల బట్టీలో ఆడవాళ్ళు మన పాటలకి పిండి పిసుకుతున్నామని చెబుతారు. వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీలవాళ్ళు చేతులతో ఆడుతున్నారట. నేను మాత్రం ఆడను. పాట నడిచినంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

అసలు విషయం. వచ్చే నెల మొదటి శనివారానికి ఏడాది నిండుతుంది. ఆ రోజు అన్నయ్య చివరి ప్రోగ్రాం మళ్ళీ వేద్దామని పెద్దాయన అంటున్నాడు. స్టేషన్లో రికార్డు ఉంది. నీ అనుమతి లేనిదే కుదరదని చెప్పాను. నీకిష్టమైతే పాపని తీసుకుని ఆ రోజుకి రా. ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాయి, చాలు. నువ్వు మీ పెద్దక్కయ్య వాళ్ళూరికి ఎందుకు వెళ్ళిపోయావో నేను అడగను. హోటల్లో దుప్పట్లు ఉతికే పని దొరికిందని పాప చెప్పింది. చేతులు పగలకుండా చూసుకో.

నీ ఆడపడుచు,
పిచ్చుక


వదినా,

నీ జవాబు రాకముందే ఇంకో ఉత్తరం రాస్తున్నాను. ముందు రాసినదాంట్లో అడిగిన అనుమతి దయచేసి ఇవ్వకు. పెద్దాయనకి వద్దని చెప్పు. ఎందుకో చెబుతాను. చెప్పాక నువ్వు నా మొహం చూడకపోయినా న్యాయమే.

రికార్డు బాగుందో లేదో ఒకసారి వినమని ఆయన నా చేతికిచ్చాడు. మొన్న ఆదివారం పొద్దున స్టేషన్లో ఎవరూ లేనప్పుడు విన్నాను. నువ్వు ఆ గంట వినలేదు, ఆ రోజు నీకు డ్యూటీ. నేను నీకు ఆసుపత్రి వరండాలో ఏం చెప్పానో గుర్తుందా? "నవ్వుతూ ప్రోగ్రాం ముగించాడు వదినా, మెట్లు దిగుతూ ఉన్నట్టుండి పడిపోయాడు" అన్నాను. అందరికీ అదే చెప్పాను. ఏడాదిగా అదే చెబుతున్నాను. అది అబద్ధం.

ఉన్నట్టుండి కాదు. నాలుగూ ముప్పై అయిదుకి, ఒక పాట నడుస్తుండగా అన్నయ్య ఆడడం ఆపేసి స్టూలు మీద కూర్చున్నాడు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎడమ భుజం పట్టుకుని నొక్కుకుంటున్నాడు. చొక్కా తడిసిపోయింది. నేను అవతలి గదిలోంచి మైకులో అడిగాను, ఏమైందని. "కొంచెం గాలాడట్లేదే పిచ్చుకా. కిందకెళ్ళి ఓ నిమిషం నిలబడి వస్తా" అన్నాడు. అప్పటికి ఫోన్లో ఒక ముసలావిడ లైనులో ఉంది. రిటైరైన పోస్టుమాన్ భార్య. ఆ రోజుకి వాళ్ళ పెళ్ళై నలభై ఏళ్ళు. "మా ఆయనా నేనూ హాల్లో కుర్చీలు జరిపేసి నిలబడ్డాం, మా పాట ఎప్పుడమ్మా?" అని అడుగుతోంది. నేనేమన్నానో తెలుసా? "ఇంకో రెండు పాటలే కదా అన్నయ్యా. పావుగంట ఓర్చుకో. పాపం వాళ్ళు నిలబడి ఉన్నారు" అన్నాను.

ఓర్చుకున్నాడు వదినా. నేను చెబితే ఓర్చుకున్నాడు. మైకు తెరిచి, "నలభై ఏళ్ళుగా ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటున్న దంపతులకి" అని వాళ్ళని నవ్వించి పాట వేయించాడు. నేను అద్దంలోంచి చూశాను. లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. హమ్మయ్య, తగ్గిందనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో. రికార్డులో ఆ చప్పట్లు విన్నాను. పాటకి కలవట్లేదు. అన్నయ్య చప్పట్లు తాళానికి కలవకపోవడం నీకు ఊహకైనా అందుతుందా? నాకు ఆ క్షణంలోనే తెలిసుండాలి. ఇరవై ఏళ్ళు ఆయన అడుగుల లెక్క విన్నదాన్ని. చివర్లో సెలవు చెప్పేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఈలలా వస్తోంది. నేను మాత్రం అవతల వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత మెట్లు. తర్వాతది నీకు తెలుసు. డాక్టరు నీతో ఏమన్నాడో గానీ, నాతో మాత్రం "ఓ పావుగంట ముందైతే... చెప్పలేం" అన్నాడు. ఆ పావుగంట ఎవరిదో నాకొక్కదానికే తెలుసు.

కర్మకాండలయ్యాక ఆ పోస్టుమాన్ భార్య మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఆ పాటకి ఎంత బాగా ఆడామో తల్లీ, మీ అన్నయ్య పుణ్యమా అని" అంది. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.

నువ్వు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. సామాను ఎక్కించేటప్పుడు సాయం పట్టబోతే, "నువ్వుండు, నేను చేసుకుంటా" అన్నావు. నీకు తెలిసిపోయిందని అప్పుడే అనుకున్నాను. ఏదో విధంగా తెలిసింది, అందుకే నా పక్కన ఉండలేక వెళ్ళిపోతున్నావు అనుకున్నాను. ప్రోగ్రాం ఎందుకు నడిపానంటావా? ఆయన కోసమని అందరికీ చెప్పాను. నిజానికి, ఆ గదిలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంటే అది నాకు శిక్షలా ఉండేది. శిక్ష పడుతోంది కదా అని కొంచెం నిద్రపట్టేది. ఇక అదీ చెయ్యలేను. వచ్చే శనివారం ఒక్కటి చేసి మానేస్తానని పెద్దాయనకి చెప్పేశాను.

క్షమించమని అడగడం లేదు. నువ్వు తెలుసుకోవాల్సింది నీకు తెలియాలని రాశాను. పాపకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

పిచ్చుక


పిచ్చుకా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేరాయి. రెండోది దుప్పట్ల గదిలో నిలబడి చదివాను. నాతో పనిచేసే ఆవిడ, "ఎవరన్నా పోయారా?" అని అడిగింది. "లేదు, పోయినాయన గురించే" అన్నాను.

ముందుగా ఒకటి రాసేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. చదువుతుంటే నీ మీద కోపం వచ్చింది. చాలా వచ్చింది. పావుగంట ఓర్చుకోమన్నావా అని కాగితం నలిపేశాను కూడా. మళ్ళీ సాపు చేసి చదివాను. రెండోసారి చదివేటప్పటికి కోపం వెనక్కి తిరిగి నా మీదకే వచ్చింది. ఎందుకంటే నీకు తెలియనిది నాకొకటి తెలుసు.

మీ అన్నయ్యకి గుండె జబ్బుందని, ఆయన పోవడానికి ఎనిమిది నెలల ముందే నాకు తెలుసు.

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి కంపెనీ ఏటా పరీక్షలు చేయిస్తుంది కదా. ఆ ఏడాది ముందుగా బయట చూపించుకున్నారు. రక్తనాళం పూడుకుపోతోంది, ఆపరేషన్ చెయ్యాలి, మెట్లెక్కడాలూ గంతులూ బంద్ అన్నాడు డాక్టరు. నేను పక్కనే ఉన్నాను. బయటికొచ్చాక బస్టాపులో నా చెయ్యి పట్టుకుని ఏమన్నారో తెలుసా? "కంపెనీకి తెలిస్తే పనిలోంచి తీస్తారు, అది నేను చూసుకుంటా. పిచ్చుకకి మాత్రం చెప్పకు. అది ఆ క్షణమే మైకు పీకేస్తుంది. వారానికి ఒక్క గంటే నేను నాకోసం బతికేది. అది ఉంచవే" అన్నారు. నేను ఒట్టు వేశాను. పాప పరీక్షలయ్యాక ఆపరేషన్ అన్నారు, సరేనన్నాను. కంపెనీ సెలవు దొరికాక అన్నారు, దానికీ సరేనన్నాను. గోడ అవతలే ఉన్నావు. రెండు దెబ్బలు కొడితే వచ్చేదానివి. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా కొట్టలేదు.

ఆ శనివారం డ్యూటీకి వెళ్తూ చూశాను. మధ్యాహ్నం మాత్ర అలాగే బల్ల మీద ఉంది. వచ్చాక వేసుకుంటారులే అనుకుని చెప్పులేసుకున్నాను.

ఆయన పోయాక మన వాకిట్లో నువ్వు వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చావు. "ఒక్క రోజన్నా తలనొప్పని పడుకోని మనిషి" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నేలలోకి కుంగిపోవాలనిపించేది. నీకు ముందే తెలిసుంటే, ఆయన స్టూలు మీద కూర్చున్న మరుక్షణం నువ్వు పాటని కాదు, ఆ స్టేషన్నే ఆపేసి ఆయన్ని భుజాన వేసుకుని దిగేదానివి. నాకు తెలుసు. నిన్ను గుడ్డిదాన్ని చేసి ఆయన పక్కన కూర్చోబెట్టింది నేను. అందుకే నీ కళ్ళలోకి చూడలేకపోయాను. నీ మీద అసహ్యంతో వెళ్ళిపోయాననుకున్నావా పిచ్చిదానా? నాకు మొహం చెల్లక పారిపోయాను.

ఇంకోటి. నువ్వు ప్రోగ్రాం చేస్తున్నావని నాకు చెప్పలేదన్నావు. నాకు మొదటి నెలలోనే తెలుసు. మీ రేడియో మా ఊరి దాకా రాదు. బస్సులో సగం దూరం వస్తే, సిమెంటు గోడౌన్ల దగ్గర ఒక స్టాపుంది, అక్కడికి అందుతుంది. ప్రతి శనివారం పాపనీ, చిన్న రేడియోనీ తీసుకుని అక్కడికొచ్చి బెంచీ మీద కూర్చుంటున్నాం. గంట విని ఎదురు బస్సెక్కి వెళ్ళిపోతాం. మొదట్లో నీకు మాట తడబడేది, నేను లోపల్లోపలే అందిస్తూ ఉండేదాన్ని. పాప మొదటిసారి ఆ బెంచీ ముందు అడుగులేసినప్పుడు, అందరూ చూస్తున్నారని రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను. దాని ఎడమ భుజం అచ్చం నాన్నలాగే ఎగురుతుంది, అది చూడలేకపోయాను. మొన్న ఆపలేదు. బస్సు కోసం నిలబడ్డ ముసలాయన కూడా చేతికర్రతో తాళం వేశాడు. నేను మొహం తిప్పుకుని ఏడ్చాను, కానీ ఆపలేదు.

ఎవరి తప్పు ఎంతో తూచడం నావల్ల కాదు. పావుగంట పెద్దదా, ఎనిమిది నెలలు పెద్దవా? ఆయన్ని అడిగితే, "నా గుండె, నా గోల, మీకెందుకే" అనేవారు. అది మాత్రం ఖాయం. ఆయన్నీ తిట్టుకోవాలి మనం. ఒంటరిగా తిట్టుకుంటే ఏడుపొస్తోంది, ఇద్దరం కలిసి తిడదాం. నిన్ను క్షమించానని రాయను. నువ్వూ నాకు రాయకు. ఆ మాట మనిద్దరి మధ్య చాలా చిన్నది.

రికార్డు రేడియోలో వెయ్యొద్దు. ఆ ఊపిరి ఊరు వినక్కర్లేదు. నేను వింటాను. నువ్వు పక్కనుండాలి. చప్పట్లు తప్పే చోట నా చెయ్యి పట్టుకో.

మానేస్తానన్నావు. మానెయ్, బలవంతం లేదు. అయితే ఈ శనివారం చెయ్యి. నువ్వు చేస్తావని పాపకి చెప్పేశాను. అది అప్పుడే తనకి కావలసిన పాట రాసుకుని కూర్చుంది, "అత్త నా పేరు చెబుతుందా?" అని పొద్దున్నించీ ప్రాణం తీస్తోంది.

శనివారం గోడౌన్ల దగ్గర దిగం. ఆఖరి స్టాపు దాకా వస్తాం.

నీ వదిన